రాగి ఛాంబర్, ఆరు జతల ఇంజెక్టర్: బెంగళూరు శివార్లలో ఓ చిన్న రాకెట్ ఇంజిన్ డైరీ

జనవరి చివరి వారం

ఈసారి కడుతున్నది 250 న్యూటన్ల ఇంజిన్. పాతిక కిలోల బస్తాను మోసేంత థ్రస్ట్ అన్నమాట. ఎగిరేది కాదు. ఇనప స్టాండుకు బోల్టులతో బిగించి, రెండు మూడు సెకన్లు మండించి, లోపల ఏం జరిగిందో కొలుచుకోవాలి, అంతే. ఇంధనం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మేం పొట్టిగా ఐపీఏ అంటాం. దాన్ని మండించడానికి సిలిండర్లో వచ్చే ఆక్సిజన్ వాయువు. ఛాంబర్ ఒత్తిడి 15 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు పదిహేను రెట్లు. స్టాండు, మట్టికట్టల మధ్య టెస్టు గొయ్యి, దూరంగా కంట్రోల్ గది, అన్నీ ఊరి శివార్లలోని మా కాలేజీవే. పాత విద్యార్థులం కొందరం, ఇప్పుడు చదువుతున్నవాళ్లు కొందరు, అందరి మీదా ఒక మేడం. నా వంతుకు వచ్చినవి మంట మండే ఛాంబర్, అందులోకి ఇంధనాన్ని, ఆక్సిజన్‌ను చిమ్మే ఇంజెక్టర్. కాబట్టి ఈ డైరీలో వాల్వులు, వైరింగ్ గురించి పెద్దగా ఉండదు.

ఐపీఏనే ఎందుకని అడిగేవాళ్లకు: ఇథనాల్ తేవాలంటే ఎక్సైజు కాగితాలు కావాలి. ఐపీఏ సాల్వెంట్లు అమ్మే కొట్లో క్యాన్లలో దొరుకుతుంది. కిరోసిన్‌తో మసి, పైగా వేడి ఎక్కువ. ఆల్కహాల్ మండించడం కొత్త విద్యేం కాదు. జర్మన్ల వీ-2 రాకెట్ మండించింది నాలుగింట మూడొంతులు ఇథనాల్, ఒక వంతు నీళ్లు కలిపిన ఇంధనాన్నే. ద్రవ ఆక్సిజన్ జోలికి పోలేదు. మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే ద్రవంతో పని అంటే వాల్వుల నుంచి సీళ్ల దాకా ప్రతిదీ మారిపోతుంది. మాకిప్పుడు కావలసింది మంట గురించి నేర్చుకోవడం. చలి సంగతి తర్వాత.

లెక్కలు నాసావాళ్ల సీఈఏతో మొదలయ్యాయి, ఏ ఇంధనం ఎంత వేడిగా మండుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం అది. ఆక్సిజన్, ఇంధనం నిష్పత్తి బరువులో 1.3 దగ్గర పెట్టుకున్నాం. పూర్తిగా మండాలంటే 2.4 కావాలి. అంటే ఇంధనం కావాలనే ఎక్కువ పోస్తున్నాం. వేడి తగ్గుతుంది, పైగా గోడకు వేడి ఆక్సిజన్ తగలదు. ఆ నిష్పత్తిలో సీ-స్టార్ దాదాపు సెకనుకు 1,680 మీటర్లు వస్తుంది. సీ-స్టార్ అంటే ఛాంబర్ ఒత్తిడిని థ్రోట్ (నాజిల్‌లో అన్నిటికన్నా సన్నటి చోటు) వైశాల్యంతో గుణించి, సెకనుకు లోపలికి పోయే ద్రవ్యరాశితో భాగించగా వచ్చేది. నాజిల్‌తో సంబంధం లేకుండా, ఛాంబర్లో మంట ఎంత బాగా మండిందో ఇదొక్కటే చెప్పేస్తుంది. ఆర్నెల్లుగా మేం వెంటపడుతున్న అంకె ఇదే.

మిగతా కొలతలు దీన్నిబట్టే. థ్రోట్ వ్యాసం 12.5 మి.మీ., నాజిల్ చివర 21 మి.మీ. సెకనుకు ఆక్సిజన్ 62 గ్రాములు, ఐపీఏ 48 గ్రాములు. ఛాంబర్ ఘనపరిమాణాన్ని థ్రోట్ వైశాల్యంతో భాగిస్తే వచ్చే ఎల్-స్టార్‌ను ఒక మీటరు అనుకున్నాం. తుంపర ఆవిరై, కలిసి, మండడానికి ఎంత చోటు ఇస్తున్నామో చెప్పే కొలత అది. లోపలి వ్యాసం 40 మి.మీ. పెడితే పొడవు పది సెంటీమీటర్ల లోపే వచ్చింది. గుప్పిట్లో పట్టేంత ఖాళీ.

ఫిబ్రవరి

ఛాంబర్ దేనితో, ఎలా చేయించాలని పెద్ద వాదన. కుర్రాళ్లకు త్రీడీ ప్రింటింగ్ మీద మోజు. ఊరికే వచ్చిన మోజు కాదులెండి. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజిన్‌ను ఇస్రో ప్రింటింగ్‌కు అనువుగా తిరగ డిజైన్ చేసి 2024 మే 9న 665 సెకన్లు మండించింది. పద్నాలుగు భాగాలు ఒకే ముక్క అయ్యాయి, 19 వెల్డింగ్ అతుకులు పోయాయి. దాన్ని ప్రింట్ చేసింది మన బెంగళూరు విప్రో త్రీడీయే. అదే నెల 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ వాళ్లు ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజిన్‌తో శ్రీహరికోట నుంచి రాకెట్టే ఎగరేశారు. "మనమెందుకు ఇంకా లేత్ పట్టుకుని వేలాడాలి?" అని మూడో సంవత్సరం అమ్మాయి నిలదీసింది.

ఖర్చు ఒక సమాధానం. అసలు సమాధానం వేరే. ఒకే ముక్కగా వచ్చిన ఇంజిన్లో ఇంజెక్టర్ నచ్చకపోతే ఇంజిన్ మొత్తం పారేయాలి. ఏ ఇంజెక్టర్ కావాలో ముందే తెలిసినవాళ్లకు ప్రింటింగ్ బంగారం. మాకది ఇంకా తెలీదు. ఎనిమిది బోల్టులు విప్పితే ఇంజెక్టర్ పలక ఊడి చేతికి రావాలి, మధ్యాహ్నానికి ఇంకోటి బిగించి మండించాలి. అందుకే మూడు ముక్కల డిజైన్: స్టెయిన్‌లెస్ ఇంజెక్టర్, రాగి ఛాంబర్, రాగి నాజిల్. మధ్యలో గ్రాఫైట్ గాస్కెట్లు.

రాగి ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ప్రతి కొత్త కుర్రాడూ ఇక్కడే ఆగుతాడు కాబట్టి. స్టీలు 1,400 డిగ్రీల దాకా కరగదు, రాగి 1,085కే కరిగిపోతుంది, మరి రాగి ఎలా ఆగుతుంది? దీన్ని చల్లబరచడానికి నీళ్ల జాకెట్టూ లేదు, ఏమీ లేదు. వేడిని గోడ మింగేయాలి, అంతే. లోపలి తలం ఎంత వేడెక్కుతుందన్నది వేడి ఎంత త్వరగా లోతుకు జారిపోతుందన్న దాని మీద ఉంటుంది. థ్రోట్ దగ్గర చదరపు మీటరుకు 10 మెగావాట్లు అనుకుని లెక్క వేశాం. మూడు సెకన్లలో రాగి తలం 500 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అదే వేడికి స్టెయిన్‌లెస్ స్టీలు తలం దానికి నాలుగు రెట్ల పైన పెరగాలని లెక్క చెబుతుంది. అంటే అంతకుముందే కరిగి నాజిల్లోంచి నిప్పురవ్వలై వెళ్లిపోతుంది. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాక వాదన ఆగింది. 500 డిగ్రీల్లో రాగి మెత్తబడుతుంది నిజమే, అందుకే గోడ 20 మి.మీ. మందం, మంట మూడు సెకన్లకు మించకూడదని నియమం.

80 మి.మీ. రాగి కడ్డీ, పదిహేను సెంటీమీటర్ల ముక్క. తూకం ఆరున్నర కిలోలు దాటింది. కొట్టువాడు కాటా మీద పెట్టి మా ముఖాలు చూసి, "పూజ సామాన్లకా?" అని అడిగాడు.

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో మా లేత్ పనులు చేసే టర్నర్ అన్నది హిందూపురం వైపు. రాగి చూడగానే మొహం ముడిచాడు. రాగి మెత్తన కదా సుళువు అనుకుంటాం గానీ, అది టూలుకి అతుక్కుంటుంది, డ్రిల్‌ను పట్టేస్తుంది, చిప్పు తెగదు. థ్రోట్ దగ్గర వంపు నున్నగా రావాలని డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో రాశాను.

"ఇంత నున్నగా ఎందుకు సార్, లోపల మంటే కదా ఉండేది?"

"మంట ఆ మూల దగ్గరే అన్నా ఎక్కువ కాల్చేది. అక్కడ అంచు ఉంటే ముందు అదే కరుగుతుంది."

"అట్లనా. అయితే ఫారం టూలు రుద్దుకోవాల. రెండు దినాలు ఆగు."

ఆగాను. నాజిల్ వచ్చాక లోపల వేలు పెట్టి తిప్పి చూస్తే ఎక్కడా గీత తగల్లేదు. ఈయన పని చూశాక సీఎన్‌సీ షాపుకు వెళ్లాలన్న ఆలోచన మానుకున్నాం.

మార్చి, ఉగాది ముందు

ఇంజెక్టర్. ఛాంబర్ అనేది ఒక రాగి గొట్టం, దానికేం తెలియదు. మంట ఎలా ఉండాలో తేల్చేది ఇంజెక్టరే. అది నున్నగా మండాలా, దడదడలాడాలా, గోడను కాల్చాలా, వదిలేయాలా, ఇవన్నీ ఈ అరచేతి పలకలోని బొక్కలే నిర్ణయిస్తాయి.

మాది ఆరు జతల అమరిక. ఒక్కో జతలో ఒక ఐపీఏ బొక్క, ఒక ఆక్సిజన్ బొక్క. రెండూ ఒకదానివైపు ఒకటి వాలి, పలక నుంచి పన్నెండు మి.మీ. దూరంలో ఢీకొంటాయి. ఢీకొన్నచోట ద్రవం పలచటి రెక్కలా విచ్చుకుని తుంపర అవుతుంది. మొదటి పలకలో ఐపీఏ బొక్కలు 1.0 మి.మీ. ఆక్సిజన్‌వి రెండు మి.మీ.ల పైన. ఆ ఒక మి.మీ. ఎంచుకోవడానికి కారణం ఉంది. అంతకన్నా సన్నం అయితే మామూలు డ్రిల్లు స్టెయిన్‌లెస్‌లో విరుగుతుంది, కరెంటు రవ్వలతో లోహాన్ని తినేసే స్పార్క్ మెషిన్‌కు పోవాలి, పలక ఖర్చు మూడింతలు. మొదటి పలక చవగ్గా ఉండనీ, ఏం నేర్పుతుందో చూద్దాం అన్నది మేడం మాట.

బొక్క ఇంత పెద్దదైతే తగ్గేది బొక్కకు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా. లెక్క ప్రకారం 48 గ్రాములు పారడానికి 1.35 బార్ చాలు. ఛాంబర్ ఒత్తిడిలో 9 శాతం. పుస్తకాలు 15 నుంచి 20 శాతం ఉండమంటాయి. ఆ నియమం వెనకున్న సంగతి మాకు కళ్లారా చూడాలనే ఉంది.

నీళ్ల పరీక్ష పెరట్లో చేశాం. పలకను స్టాండుకు తలకిందులుగా బిగించి, 3 బార్‌తో నీళ్లు వదిలి, పది సెకన్లు బకెట్లో పట్టి తూచడం. రాకెట్ పనిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. తూకం కుదిరింది. కానీ ఆరింటిలో ఒక ధార మిగతావాటిలా గాజుకడ్డీలా రాకుండా, పక్కకు వంగి, మెలితిరిగి చీలిపోతోంది. పలక విప్పి భూతద్దంతో చూస్తే బొక్క వెనకవైపు అంచు మీద వెంట్రుక మందాన బర్, అంటే డ్రిల్లు వదిలిన లోహపు ముల్లు, నిలబడి ఉంది. తీసేశాక ధార నిటారయింది. అలాగే వదిలేసి ఉంటే ఆ ఒక్క జతలో ఢీ తప్పి, ఆక్సిజన్ ధార నేరుగా గోడను తాకేది. అప్పుడు రాగి మందం ఎంతున్నా లాభం లేదు.

ఉగాదికి టర్నర్ అన్న ఊరెళ్లాడు. ఆ వారం శుభ్రం చేసే పని పెట్టుకున్నాం. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే వాటంతటవే అంటుకుంటాయి. మెషిన్ షాపు నుంచి వచ్చిన ప్రతి ఫిట్టింగూ కటింగ్ ఆయిల్ పూసుకునే వస్తుంది. డిగ్రీజర్, వేడినీళ్లు, ఐపీఏ, ఆరబెట్టడం, సంచిలో వేసి సీలు చేయడం. చేతులకు గ్లవ్స్, మాటల్లేవు. ఆక్సిజన్ లైన్లో బాల్ వాల్వు వద్దని మేడం పట్టుబట్టారు. బాల్ వాల్వు ఒక్క తిప్పుకే తెరుచుకుంటుంది. ఒత్తిడి ఒక్కసారిగా గొట్టం చివరకు కొట్టుకుని అక్కడి వాయువు నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సీలు అంటుకోవడానికి ఆ వేడి చాలు. మెల్లగా తెరుచుకునే నీడిల్ వాల్వుతో లైన్ నింపి, ఆ తర్వాతే మిగతావి.

ఏప్రిల్

మండించాం.

క్రమం ఇది. ముందు చిన్న టార్చ్ ఇగ్నైటర్ వెలుగుతుంది, మోటారుసైకిల్ స్పార్క్ ప్లగ్‌తోనే. నాజిల్ బయట అడ్డంగా ఒక సన్నటి రాగి తీగ. ఆ తీగ కాలి తెగితేనే కంప్యూటర్ మెయిన్ వాల్వులకు అనుమతి ఇస్తుంది. తెగకపోతే అంతా మూసుకుని నైట్రోజన్ ఊదేస్తుంది. మంట లేకుండా ఐపీఏ, ఆక్సిజన్ రెండూ ఛాంబర్లో పోగుపడి, ఆలస్యంగా అంటుకుంటే అది మంట కాదు, పేలుడు. దాన్నే హార్డ్ స్టార్ట్ అంటారు. ఆపేటప్పుడు ఆక్సిజన్ ముందు మూయాలి, ఇంధనం వెనక. ఎర్రగా ఉన్న రాగికి ఒట్టి ఆక్సిజన్ తగలకూడదు.

మొదట ఒక సెకను, తర్వాత రెండు. శబ్దం నేను అనుకున్నదానికన్నా బరువుగా ఉంది, చెవిలో కన్నా ఛాతీలో ఎక్కువ వినిపించింది. గాలి పట్టిన బోరు మోటారు నీళ్లు వదిలినట్టు మంటలో ఒక దడ ఉంది. వీడియోలో మాత్రం మంట నీలంగా, బ్రహ్మాండంగా కనబడుతోంది. కుర్రాళ్లు అప్పుడే స్టేటస్ పెట్టేశారు.

ఇక డేటా. థ్రస్ట్ కొలిచే లోడ్ సెల్‌ను చదవడానికి హెచ్‌ఎక్స్711 చిప్పు వాడాం. అది సెకనుకు ఎక్కువలో ఎక్కువ 80 సార్లే చదువుతుంది. సగటు థ్రస్ట్‌కు చాలు, దడ పట్టుకోవడానికి పనికిరాదు. అందుకే ఛాంబర్ ఒత్తిడిని వేరే కార్డుతో సెకనుకు పది వేలసార్లు చదివించాం. సగటు 13.1 బార్. ఆ సగటు చుట్టూ గీత మందంగా ఉంది, అటూ ఇటూ 9 శాతం ఊగుతోంది. 5 శాతం లోపుంటే నున్నగా మండుతున్నట్టు లెక్క.

ఆ ఊపును ఫ్రీక్వెన్సీలుగా విడగొడితే రెండు శిఖరాలు కనిపించాయి. ఒకటి 120 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 280 దగ్గర. వాదన మళ్లీ మొదలు. దహన అస్థిరత అనగానే అందరికీ శాటర్న్-5 తాలూకు ఎఫ్-1 ఇంజిన్ గుర్తొస్తుంది. అపోలో రోజుల్లో ఆ ఇంజిన్ ఛాంబర్లో పీడన తరంగాలు పుట్టి ఇంజిన్లనే ధ్వంసం చేసేవి. మండుతున్న ఛాంబర్ లోపలే చిన్న బాంబులు పేల్చి, ఆ కల్లోలం ఎంతసేపట్లో అణుగుతుందో చూసేవారు. ఇంజెక్టర్ ముఖం మీద అడ్డుగోడలు పెట్టి, బొక్కల కోణాలు మార్చి, చివరకు సెకనులో పదో వంతులోపే అణిగిపోయేలా చేశారు. మరి మాదీ అదేనా?

కాదని లెక్కే చెబుతుంది. ఎఫ్-1 ఇంజెక్టర్ మీటరు వెడల్పు, మాది నాలుగు సెంటీమీటర్లు. లోపలి వేడి వాయువులో ధ్వని వేగం సెకనుకు 1,200 మీటర్లు అనుకుంటే మా ఛాంబర్లో నిలువు తరంగం 5,000 హెర్ట్జ్ పైన ఉండాలి, చుట్టూ తిరిగే తరంగం 17,000 పైన. 120, 280 అంటే ఛాంబర్ గొంతులోంచి వచ్చే స్వరాలు కావు. ఇంకెక్కడినుంచో వస్తున్నాయి.

280 సంగతి ఎలక్ట్రానిక్స్ చూసే అమ్మాయి తేల్చింది. ఒత్తిడి సెన్సార్‌ను మంట వేడి నుంచి కాపాడడానికి 30 సెంటీమీటర్ల సన్న గొట్టం చివర పెట్టాం. ఒక వైపు తెరిచి, ఇంకోవైపు మూసిన గొట్టం కూడా పిల్లనగ్రోవే కదా. చల్లారిన వాయువులో ధ్వని వేగం 340 పెట్టి, పొడవుకు నాలుగు రెట్లతో భాగిస్తే 283. గొట్టాన్ని పది సెంటీమీటర్లకు కోయించి మళ్లీ మండించాం. ఆ శిఖరం 280 నుంచి లేచి 800 దాటి కూర్చుంది. 120 ఉన్నచోటే ఉంది. ఫోన్‌లో రికార్డయిన శబ్దంలోనూ 120 ఉంది, 280 లేదు. ఫోన్‌కు గొట్టం లేదుగా!

కాబట్టి నిజమైనది 120. ఇంజిన్లవాళ్లు దీన్ని చగింగ్ అంటారు. ఛాంబర్ ఒత్తిడి కాస్త పెరిగితే, బొక్కల దగ్గర తేడా తగ్గి ఇంధనం తక్కువ వస్తుంది. తక్కువ ఇంధనం మండి ఒత్తిడి పడిపోతుంది. పడగానే ఇంధనం ఎగదన్నుతుంది. తుంపర ఆవిరై మండడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఈ దిద్దుబాటు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యంగానే చేరుతుంది, ఊయల ఆగదు. ఆక్సిజన్ వైపు అనుమానం లేదు. ఆ లైన్లో 3 మి.మీ. సోనిక్ ఆరిఫిస్, అంటే ప్రవాహాన్ని బిగబట్టే సన్నటి బొక్క, ఉంది. పైన 40 బార్, కింద ఇరవై లోపు. అక్కడ ప్రవాహం ధ్వని వేగాన్ని అందుకుంది కాబట్టి కిందున్న ఛాంబర్ ఊగినా పైకి కబురు పోదు. దొంగ ఇంధనం వైపే ఉన్నాడు, 1.35 బార్ రూపంలో.

సీ-స్టార్ సెకనుకు 1,475 మీటర్లు తేలింది. సిద్ధాంతం చెప్పినదాంట్లో 88 శాతం. మొదటి పలకకు నేను 85 వస్తే చాలనుకున్నాను.

విప్పి చూస్తే ఇంకో సంగతి. గోడ మీద ఆరు నల్లటి చారలు, ఇంధనం ఎక్కువ తగిలినచోట. చారల మధ్య రాగి గులాబీ రంగులో శుభ్రంగా మెరుస్తోంది. చూడ్డానికి అందంగా ఉన్నది అదే, భయపెట్టేదీ అదే. మసి లేదంటే అక్కడ వేడి నేరుగా తగులుతోంది. థ్రోట్ అంచు ఒకచోట గరుకెక్కింది. 12.5 మి.మీ. పిన్ గేజ్, అంటే వ్యాసం సరిచూసే కడ్డీ, ఇదివరకు బిగువుగా దిగేది, ఇప్పుడు వదులుగా దిగుతోంది. ఇంకో పది మంటలు ఇలాగే పెడితే థ్రోట్ గుండ్రంగా ఉండదు.

మే

రెండో పలక. రెండు మార్పులు ఒకేసారి చేయడం ఇంజనీరింగ్ మర్యాద కాదంటారు గానీ, పలక ధర చూస్తే మర్యాద మర్చిపోవాల్సి వచ్చింది.

మధ్యలోని ఐపీఏ బొక్కలు 1.0 నుంచి 0.7 మి.మీ.కు తగ్గాయి. వాటి చుట్టూ, గోడకు ఆనుకుని, 0.3 మి.మీ. బొక్కలు పన్నెండు. ఇవి ఎవరినీ ఢీకొనవు. ఇంధనాన్ని గోడవెంట పలచటి పొరగా జార్చడమే వీటి పని. ఆ పొర ఆవిరవుతూ గోడకు మంటకు మధ్య అడ్డు నిలుస్తుంది. ఇదే ఫిల్మ్ కూలింగ్. వీ-2 ఛాంబర్ గోడకూ ఇలాగే వరసలుగా బొక్కలు పెట్టి ఆల్కహాల్ చెమర్చేవారు. ఉపగ్రహాల్లో వాడే చిన్న ఇంజిన్లకయితే ఇది ప్రాణం. మంగళయాన్‌ను 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో పెట్టిన 440 న్యూటన్ల ఇంజిన్ మా దానికి రెట్టింపు కూడా కాదు. దాదాపు మూడు వందల రోజులు నిద్రపోయి లేచి ఇరవై మూడు నిమిషాలు మండింది. మాకు మూడు సెకన్లకే చెమటలు. దాని ఛాంబర్ నియోబియం మిశ్రమలోహం, మాది పీణ్యా రాగి, సరే.

మొత్తం ఇంధనంలో దాదాపు నాలుగో వంతు ఈ పొరకే పోతుంది. బొక్కల దగ్గర ఒత్తిడి తేడా 3 బార్‌కు, అంటే 20 శాతానికి పెరిగింది.

0.3 బొక్కలు స్పార్క్ మెషిన్ మీదే కొట్టాలి. టర్నర్ అన్న మమ్మల్ని పక్క సందులో ఈడీఎం, అంటే ఈ స్పార్క్ మెషిన్ పని, చేసే ఇంకో ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన డ్రాయింగ్ చూసి, "ఇవి బొక్కలా, చీమల పుట్టలా?" అన్నాడు. ఇత్తడి వెంట్రుకలాంటి ఎలక్ట్రోడ్ నీళ్లలో చిటపటలాడుతూ స్టీలును తినేసుకుంటూ దిగడం చూస్తూ నిలబడిపోయాం.

నీళ్ల పరీక్షలో 3 బార్‌కు పది సెకన్లలో 541 గ్రాములు రావాలి. తక్కువ వచ్చింది. చీకట్లో పలకకు పక్కనుంచి టార్చ్ కొట్టి చూశాం. పదకొండు సన్నటి తీగలు మెరుస్తున్నాయి, పన్నెండోచోట బొట్టు. వెనక నుంచి నైట్రోజన్ ఊదితే ఒక తెల్లటి నూలుపోగు బయటపడింది. ఫిట్టింగ్ మరకు చుట్టిన టెఫ్లాన్ టేపు తునక. టేపును మర మొదటి రెండు చుట్లు వదిలి చుట్టాలన్న మాట అందరికీ తెలిసిందే, ఇప్పుడు గోడ మీద కాగితం రాసి అంటించారు. ఇంధనం లైన్లో 40 మైక్రాన్ల ఫిల్టర్ కూడా ఇంజెక్టర్‌కు వీలైనంత దగ్గరికి జరిపాం. ఫిల్టర్ ట్యాంకు దగ్గరుంటే దాని తర్వాతున్న ప్రతి ఫిట్టింగూ చెత్త పుట్టించగలదు. ఫిల్మ్ బొక్క ఒక్కటి మూసుకుపోయినా గోడ మీద సెంటీమీటరు వెడల్పు చోటు దిక్కులేనిదవుతుంది.

బెంగళూరు మే నెల సంగతి తెలిసిందే. మధ్యాహ్నం మూడయ్యేసరికి మబ్బు పట్టి కుండపోత. ఉరుములుంటే సిలిండర్లు తెరవడం నిషేధం. అందుకని పొద్దున్నే మొదలుపెట్టాం.

కొత్త పలకతో రెండు సెకన్ల మంట. చెవికే తేడా తెలిసిపోయింది. దడ లేదు, చించుతున్నట్టు ఒకే గొంతు. 120 దగ్గర శిఖరం అణిగి గడ్డిలో కలిసిపోయింది. ఊపు అటూ ఇటూ 3 శాతం. సగటు ఒత్తిడి 13.5 బార్, సీ-స్టార్ సెకనుకు 1,520 మీటర్లు, 90 శాతం పైన. థ్రస్ట్ 215 న్యూటన్లు. సన్న బొక్కలు తుంపరను మెరుగు చేసి పైకి లాగాయి, ఫిల్మ్ కొంత వెనక్కి లాగింది. గోడవెంట జారిన ఇంధనంలో చాలా భాగం సరిగ్గా మండకుండానే బయటికి పోతుంది, దానికది తప్పదు. మంట చివర పసుపు రంగు అంచు కనబడేది అదే. పసుపు పోగొడదాం, ఫిల్మ్ సగానికి తగ్గిద్దాం అని కుర్రాళ్ల గోల. నేను ఒప్పుకోలేదు. 250 రాలేదన్న బాధ నాకూ ఉంది, కానీ రెండు శాతం సీ-స్టార్ కోసం థ్రోట్ పోగొట్టుకుంటే మళ్లీ ఆరున్నర కిలోల రాగి కొనాలి.

థ్రోట్ దగ్గర గోడలో, లోపలి తలానికి 3 మి.మీ. దూరంలో, అవతలికి తేలని గుడ్డి బొక్క కొట్టి థర్మోకపుల్, అంటే వేడి కొలిచే తీగ, పెట్టాం. ఇక్కడ ఒక విషయం కొత్తవాళ్లను తికమక పెడుతుంది: అదే గోడ వెలుపలి వైపు థర్మోకపుల్ పెడితే, అందులో గరిష్ఠ ఉష్ణోగ్రత మంట ఆపాక వస్తుంది. లోపలి తలంలో పోగైన వేడి మంట ఆగాక కూడా బయటికి నడుస్తూనే ఉంటుంది. అందుకే మంట ఆగిన వెంటనే "చల్లగానే ఉందే" అని ఎవరూ చెయ్యి వేయకూడదు. పాత పలకతో పోలిస్తే 3 మి.మీ. దగ్గర రీడింగ్ స్పష్టంగా తక్కువ ఉంది. మూడు సెకన్ల మంట తర్వాత విప్పితే గోడంతా ఒకేలా పలచటి మసి. గులాబీ మచ్చలు లేవు. పిన్ గేజ్ ఏప్రిల్లో ఎలా దిగిందో అలాగే దిగింది.

ఎక్కువసేపు మండించాలంటే ఇక రాగి ముద్దతో కాదు, గోడలోంచి ఇంధనమో నీళ్లో పారాలి. దానికి ముందు చగింగ్‌ను వేరే దారిలో కూడా కట్టేయాలని ఉంది. ఇప్పుడు ఒత్తిడి తేడా మీద ఆధారపడి బతుకుతున్నాం, ట్యాంకు ఒత్తిడి తగ్గిస్తే దడ మళ్లీ రావచ్చు. ఇంధనం లైన్లో కావిటేటింగ్ వెంచురీ, అంటే మధ్యలో సన్నబడి మళ్లీ విచ్చుకునే గొట్టం, పెడితే, దాని గొంతులో ద్రవం ఆవిరయ్యేంత ఒత్తిడి పడిపోయి, ఆక్సిజన్ వైపు ఆరిఫిస్ చేసే పనే ఇక్కడా జరుగుతుంది. ఛాంబర్ ఊగినా ప్రవాహం మారదు. పైగా ప్రవాహం ఎంతో కొలిచినట్టూ అవుతుంది. 30 బార్‌కు 48 గ్రాములు పారాలంటే గొంతు వ్యాసం ఒక మి.మీ.కు కాస్త తక్కువ. దాని తర్వాత గొట్టం చాలా నెమ్మదిగా, ఏడెనిమిది డిగ్రీల కోణంలో విచ్చుకోవాలి.

డ్రాయింగ్ టర్నర్ అన్నకు వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"సార్, ఈ టేపరు బోరింగ్ బారుతో రాదు. టేపర్ రీమరు చేపించాల. అడ్వాన్సు పంపు, వారంలో ఇస్తా."

పంపాను.